ఉమ్మడి తోటలో ఏమి వేయాలి? వంటింటి నుంచి చిత్త కార్తె దాకా పంటల ఎంపిక

నెల్లిమర్ల వైపు ఎర్రనేలలో మేము 16 కుటుంబాల వాళ్లం కలిసి 40 సెంట్ల తోట చేస్తున్నాం. మొదటి ఏడాది జూన్‌లో విత్తనాల దుకాణానికి వెళ్లి, కంటికి నచ్చిన పొట్లమల్లా తెచ్చాం. ఆగస్టులో బెండకాయలు కోసేవాళ్లు లేక చెట్టు మీదే ముదిరిపోయాయి. ఆనపకాయలు ఇంటికి రెండేసి చొప్పున వచ్చి పడుతుంటే, కొత్తిమీర, పచ్చిమిర్చి మాత్రం బజారులో కొంటున్నాం. ఆ తర్వాత అక్టోబరులో ఒక్క రాత్రి గాలివానకు కాయలతో నిండిన కాకర పందిరి నేలకు ఒరిగింది. పండించడం మాకు చేతనయింది, ఎంచుకోవడం చేతకాలేదు.

రైతు తన పొలంలో అమ్ముడయ్యేది వేస్తాడు. ఉమ్మడి తోట లెక్క వేరు. ఇక్కడ వేసేది 16 పొయ్యిల మీదకు ఎక్కాలి, 16 వాటాలుగా పంచడానికి వీలవ్వాలి, మన చేతులకు అందాలి, అక్టోబరు గాలిని తట్టుకోవాలి. పొట్లం కొనే ముందు ఈ వరుసలోనే ఆలోచించమని నా మనవి.

మొదటి పని: వంటిళ్ల లెక్క

"మీకు ఏ కూరలు ఇష్టం?" అని అడగవద్దు. అందరూ అన్నీ చెబుతారు. దానికి బదులు ప్రతి ఇంటికీ ఒక కాగితం ఇచ్చి రెండు వారాల పాటు ఆ పూట ఏమి వండారో, ఏ కూర ఎంత కొన్నారో రాయించండి. వేసవిలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి రాయిస్తే ఇంకా మంచిది. కార్తీక మాసంలో చాలా ఇళ్లలో నీచు మానేస్తారు కాబట్టి కూరల వాడకం బాగా పెరుగుతుంది.

మా కాగితాలు కలిపి చూస్తే మేము అనుకున్నది తారుమారైంది. బెండ, బీర వారానికి ఒకటి రెండు సార్లే కనిపించాయి. రోజూ కనిపించినవి పచ్చిమిర్చి, టమాటా, కరివేపాకు, కొత్తిమీర, ఏదో ఒక ఆకుకూర పప్పు. పెద్దవాళ్లున్న ఇళ్లలో కంద బచ్చలి, పొన్నగంటి అని రాసి, పక్కనే "దొరకడం లేదు" అని కూడా రాశారు. ఆ మాట చూసినప్పుడు నాకు మనసు కలుక్కుమంది. పెరటి గట్టున పెరిగే ఆకు మన ఊళ్లలోనే దొరకకుండా పోయింది!

కాగితాల్లోని కూరలను రోజువారీ, వారానికోసారి, పండుగలకు అని మూడుగా విడదీయండి. తోటలో మొదటి చోటు రోజువారీ వాటికే.

తర్వాత పరిమాణం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలతో కలిపి, సూచిస్తోంది. ఇంటికి నలుగురు చొప్పున 16 ఇళ్లకు 64 మంది. రోజుకు 25 కిలోల పైమాటే. మొదటి ఏడాది 40 సెంట్లు అంత ఇవ్వవు. అందుకే బజారులో కొన్నా నష్టం లేనివి బజారుకే వదిలేయాలి. ఉల్లి, బంగాళాదుంప జోలికి వెళ్లవద్దు. అవి నిల్వ ఉంటాయి, ఎవరు పండించినా ఒకటే. కోసిన గంటల్లోనే వాడిపోయేవి, రైతుబజారుకు చేరేసరికే సగం రుచి పోయేవి మనం పండించుకోవాలి.

ఒక్క పంటకు ఎంత చోటు కావాలో లెక్కించడం కష్టమేమీ కాదు. బెండ ఎకరానికి 4 నుంచి 5 టన్నులు వస్తుందనుకుంటే సెంటుకు 40 నుంచి 50 కిలోలు. 3 సెంట్లు వేస్తే సుమారు 135 కిలోలు. ఎనిమిది వారాల కోతలో ఇంటికి వారానికి దాదాపు కిలో. అది చాలు. మేము మొదటి ఏడాది 10 సెంట్లు వేశాం.

రెండో పని: నేలనూ నీటినీ చూడడం

తోటలో ఎనిమిది, పది చోట్ల జానెడు లోతున మట్టి తీసి, బాగా కలిపి, అరకిలో నమూనాను రైతు సేవా కేంద్రం ద్వారా పరీక్షకు పంపండి. ఫలితం వచ్చేలోగా ఒక చిన్న పరీక్ష మీరే చేయవచ్చు. అడుగు లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ పోయండి. రెండోసారి పోసిన నీరు మర్నాటికి కూడా నిలిచి ఉంటే అక్కడ మిరప, టమాటా వేయవద్దు. వాటి వేళ్లు నీటిలో ఊపిరాడక చచ్చిపోతాయి. ఆ పల్లంలో చేమ, పొన్నగంటి హాయిగా బతుకుతాయి.

మా వైపు గరువు నేలల్లో నీరు త్వరగా ఇంకుతుంది, సారం తక్కువ. సెంటుకు రెండు మూడు తట్టల గెత్తం (పశువుల ఎరువు) చాలదు. మొదటి రెండేళ్లు ఎంత దొరికితే అంత వేయండి. వంశధార, నాగావళి ఒడ్డున ఒండ్రు నేలలున్న వాళ్లు అదృష్టవంతులు; ఆనప, గుమ్మడి, దోస అక్కడ పెద్దగా అడగకుండానే కాస్తాయి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం ఇసుక నేలల్లో కొబ్బరి నీడ ఉంటే దాన్ని వదులుకోవద్దు. కంద, పసుపు, అల్లం ఆ పలుచని నీడలో చక్కగా పండుతాయి.

నీటి లెక్క ఇది. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల తడి కావాలనుకుంటే సెంటుకు 200 లీటర్లు, 40 సెంట్లకు 8,000 లీటర్లు. బోరు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి గడియారం చూడండి. 4 నిమిషాల్లో నిండితే గంటకు 3,000 లీటర్లు. అంటే రోజూ దాదాపు 2 గంటల 40 నిమిషాలు మోటారు నడవాలి, ఎవరో ఒకరు పక్కన ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో మాకు అది సాధ్యం కాలేదు. ఇప్పుడు వేసవిలో 12 సెంట్లే తడుపుతాం. మిగతా నేలలో వానలకు ముందే నవధాన్యాలు చల్లి, ఎదిగాక కోసి అక్కడే పరుస్తాం. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యంలో ప్రోత్సహిస్తున్న పద్ధతే ఇది. ఎర్రనేలకు దీనికి మించిన మేలు నేను చూడలేదు.

మూడో పని: చేతుల లెక్క

బెండ రోజు విడిచి రోజు కోయాలి. బీర, కాకర మూడు రోజులకోసారి. వంగ నాలుగైదు రోజులు ఆగుతుంది. కంద, పసుపు ఏడాదికి ఒక్కసారి తవ్వితే సరి. ఏ పంటకు వారంలో ఎన్నిసార్లు మనిషి కావాలో రాసి, ఆ అంకెలు కూడండి. వచ్చిన మొత్తం మీ సభ్యులు నిజంగా తోటకు రాగల రోజుల కంటే ఎక్కువైతే ఏదో ఒక పంటను ఇప్పుడే కొట్టేయండి.

ఊళ్లో పనుల కాలం కూడా చూసుకోవాలి. జులై, ఆగస్టుల్లో ఊడుపులు, నవంబరు చివరి నుంచి వరి కోతలు. దసరా దాటిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. ఆ ముందూ వెనుకా ఇంటి నిండా చుట్టాలే, తోట వైపు ఎవరూ రారు. రాకూడదని కూడా నేను అనను. ఆ రోజులకు కోత లేని పంటలు ఉండేలా చూసుకుంటే సరిపోతుంది.

పంపకం సంగతి కూడా ఎంపికప్పుడే తేల్చాలి. ఆకుకూర 16 కట్టలు కడితే గొడవ లేదు. గుమ్మడి రెండు పాదులు చాలు, సంక్రాంతి గొబ్బెమ్మలకు పూలైనా వస్తాయి. అంతకు మించి వేస్తే ఒక్కో కాయను ఎవరు తీసుకోవాలన్నది తేలక పాకలో కుళ్లిపోతుంది.

నాలుగో పని: చిత్త కార్తెకు ముందూ, తర్వాతా

మన తీరాన పంటల ఎంపికలో అన్నింటికంటే ముఖ్యమైన విషయం ఇదే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ పడగొట్టింది. మూడూ అక్టోబరు రెండో వారమే, చిత్త కార్తె మొదలయ్యే రోజులే. 2021లో గులాబ్ కాస్త ముందే, సెప్టెంబరు 26న, కళింగపట్నం దగ్గరకు వచ్చింది. ప్రతి ఏడూ తుఫాను వస్తుందని కాదు. వస్తే ఎప్పుడు వస్తుందో మాత్రం మనకు తెలుసు.

కాబట్టి ప్రతి పంటనూ ఒక్క ప్రశ్న అడగండి: సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు చివరి దాకా ఇది ఏ దశలో ఉంటుంది?

బీర విత్తిన 45, 50 రోజులకు కాపుకు వస్తుంది, ఆ తర్వాత రెండు నెలలు కాస్తుంది. మృగశిర కార్తెలో, అంటే జూన్ రెండో వారంలో విత్తితే జులై చివర మొదలై సెప్టెంబరు చివరికి కాపు అయిపోతుంది. అప్పుడు గాలి వచ్చినా పోయేది ఎండుతీగే. అదే బీరను ఆగస్టులో విత్తితే అక్టోబరు రెండో వారానికి పందిరి నిండా కాయలుంటాయి, గాలికి తెరచాపలా పట్టుకుంటుంది. మా కాకర అలాగే పోయింది. పందిరి పాదులు మృగశిరలో ఒకసారి, మళ్లీ డిసెంబరు చివర, జనవరిలో ఒకసారి, మధ్యలో వద్దు.

బొబ్బర్లు జూన్‌లో విత్తితే సెప్టెంబరుకు పని ముగించి, నేలలో నత్రజనిని వదిలి వెళ్తాయి. ఆ చోటే అక్టోబరు చివర టమాటాకు ఇవ్వండి. టమాటా నారును సెప్టెంబరు చివర ట్రేలలో పోయండి. తుఫాను హెచ్చరిక వస్తే ట్రేలు ఎత్తి వరండాలో పెట్టుకోవచ్చు. నేల మీద పోసిన నారుమడిని ఎత్తలేం. నారు 25, 30 రోజులకు నాటడానికి సిద్ధమయ్యేసరికి స్వాతి కార్తె నడుస్తుంటుంది. ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ వేయాలనుకుంటే వాటిదీ ఇదే కాలం.

వంగ సంగతి వేరు. జులైలో నాటిన వంగ అక్టోబరులో కాపు మీదే ఉంటుంది. అయినా వేయమంటాను. గాలికి ఒరిగినా, విరిగిన కొమ్మలు కత్తిరించి, మొదట్లో ఎరువు వేసి మట్టి ఎగదోస్తే మళ్లీ చిగురిస్తుంది. కాయతొలుచు పురుగు దీనికి పెద్ద బెడద. వాడి వేలాడే చిగుళ్లను వారానికోసారి తుంచి తోట బయట కాల్చేయాలి, లింగాకర్షక బుట్టలు (మగ పురుగులను వాసనతో రప్పించి పట్టేవి) పెట్టాలి. ఆ ఓపిక లేకపోతే వంగ జోలికి వెళ్లవద్దు. మిరపను ఎత్తైన బోదెల మీదే నాటండి. వంగ, మిరప, టమాటా ఒకే కుటుంబం. ఎండుతెగులు వచ్చిన చోట వీటిలో ఏదీ మూడేళ్ల దాకా మళ్లీ వేయకూడదు.

ఇక నేల లోపల ఉండేవి. కంద, చేమ, పసుపు మే, జూన్‌లో నాటితే తుఫాను రోజులకు ఆకు చిరిగినా దుంప భద్రంగా ఉంటుంది, నీరు నిలవకుండా కాలువ తీస్తే చాలు. కంద విత్తనం ఖర్చు ముందే తెలుసుకోండి. అరకిలో ముక్కలు, ఒక్కోదానికి మొగ్గ భాగం ఉండేలా కోసి, పేడనీళ్లలో ముంచి, ముప్పావు మీటరు ఎడంతో నాటితే సెంటుకు సుమారు 70 ముక్కలు, అంటే 35 కిలోలు కావాలి. మొదటి ఏడాది ఒక్క సెంటుతో మొదలుపెట్టండి. మరుసటి ఏటి విత్తనం అందులోనే వస్తుంది. పక్కనే గట్టున బచ్చలి పాకించండి; కంద బచ్చలి కూరకు రెండూ ఒకే చోట దొరుకుతాయి.

చిక్కుడు గురించి మా వీధిలో అందరూ మామ్మ అని పిలిచే పెద్దావిడ దగ్గర నేర్చుకున్నాను. "రథసప్తమికి చిక్కుడుకాయ బజారులో కొనే తోట కూడా ఒక తోటేనా, నాయనా?" అన్నారు ఆవిడ ఒకసారి. అరసవిల్లి సూర్యనారాయణస్వామి దగ్గరకు వెళ్లినా వెళ్లకపోయినా, ఆ రోజు చిక్కుడుకాయల రథం, చిక్కుడాకు మీద పరమాన్నం మన ఇళ్లలో ఉండాల్సిందే. నాటు చిక్కుడు పొద్దు తగ్గితేనే పూస్తుంది. తొలకరిలో విత్తితే అక్టోబరుకు తీగ మాత్రమే ఉంటుంది, కాయ ఉండదు. గాలికి తీగ తెగినా మళ్లీ చిగురించి సంక్రాంతి నుంచి కాస్తుంది. కంచె పొడవునా పాకించండి, విడిగా చోటు అక్కర్లేదు.

ఐదో పని: ఆకుకూరలు, పోపులోకి వచ్చే ఆకులు

తోటను నిలబెట్టేవి ఇవే. తుఫాను అంతా తుడిచిపెట్టినా తోటకూర 25 రోజుల్లో మళ్లీ కోతకు వస్తుంది. ఆకుకూరలకు ఇచ్చిన చోటును సెంటుకు నాలుగు మళ్లుగా చేయండి. ఒక్కో మడి 10 చదరపు మీటర్లు ఉంటుంది. బాగా ఎదిగితే ఒక మడి తోటకూర 16 ఇళ్లకూ తలా అరకిలో ఇస్తుంది. అన్నీ ఒకే రోజు విత్తవద్దు. వారానికి మూడు నాలుగు మళ్ల చొప్పున విత్తితే ప్రతి వారం కోత ఉంటుంది. విత్తనంలో పొడి ఇసుక కలిపి చల్లండి. వానాకాలంలో మళ్లను జానెడు ఎత్తు చేయండి.

తోటకూర, గోంగూర, బచ్చలి వానాకాలాన్ని ఓర్చుకుంటాయి. పాలకూర, చుక్కకూర, మెంతికూర చలికి సంతోషిస్తాయి కాబట్టి అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. మెంతికి జులైలో విత్తనం వృథా చేయవద్దు. గోంగూర మనకు కొత్తది కాదు. నార కోసం గోగు పండించిన జిల్లాలివి. ఎర్రకాడది పులుపు ఎక్కువ, పచ్చడికి, తెల్లకాడది పప్పుకు. రెండూ తొలకరిలో విత్తి, చిగుళ్లు తుంచుతూ పోతే నాలుగు నెలలు వస్తుంది. అక్టోబరు, నవంబరులో పూతకు దిగి ఆకు తగ్గిపోతుంది. అప్పుడు నాలుగైదు మంచి మొక్కలను విత్తనానికి వదిలేయండి. మళ్లలో తనంతట తాను మొలిచే గంగవాయిలి కూరను కలుపు అని పీకి పారేయకండి. పప్పులో వేస్తే దాని పులుపే వేరు.

కొత్తిమీర అందరికీ కావాలి, అందరి చేతిలోనూ పాడవుతుంది. ధనియాలను చెప్పుతోనో చెక్కతోనో మెల్లగా నలిపి రెండు బద్దలు చేయండి. ఒక రాత్రి నానబెట్టి, నీడలో ఆరబెట్టి, వరుసల్లో విత్తండి. 35, 40 రోజులకు కోతకు వస్తుంది. వేడికి వెంటనే పూతకు వెళ్లిపోతుంది కాబట్టి స్వాతి కార్తె నుంచి జనవరి దాకా పది రోజులకో వరుస విత్తండి. ఫిబ్రవరి తర్వాత కావాలంటే బీర పందిరి నీడలో. పూతకు వచ్చిన కొన్ని మొక్కలను అలాగే ఉంచండి. ఆ పూలకు వచ్చే తేనెటీగలే మీ పాదులకూ పనికొస్తాయి.

పుదీనాకు విత్తనం వెతకవద్దు. కూరకు తెచ్చిన కట్టలో వేరున్న కాడలు నాటితే చాలు. పాత సిమెంటు తొట్టెలోనో ఇటుకలతో కట్టిన మడిలోనో పెట్టండి, లేకపోతే తోటంతా పాకుతుంది. రోజుకు సగం నీడ దానికి ఇష్టం.

కరివేపాకు మొక్కలు ఎనిమిది, గట్టున రెండు మీటర్ల ఎడంతో. పెద్ద చెట్టు మొదట్లో లేచిన పిలకలు వేరుతో తీసి నాటుకోవచ్చు. గింజ వేయాలంటే పండిన వెంటనే వేయాలి, ఎండితే మొలవదు. మీటరు ఎత్తుకు తల తుంచితే గుబురుగా పెరుగుతుంది. మొదటి ఏడాది ఎవరూ కోయకూడదని గట్టిగా చెప్పుకోండి. ఆకు తినే పచ్చపురుగులను చేత్తో ఏరేయండి. పచ్చిగా పోపులో పడే ఆకు మీద రసాయనం చల్లడం నాకు సమ్మతం కాదు.

మునగ నాలుగు చెట్లు చాలు, గాలికి కొమ్మ విరుగుతుంది కాబట్టి పందిరికి దూరంగా. వాము ఆకు, తులసి, నిమ్మగడ్డి గట్ల మీద ఎక్కడైనా బతుకుతాయి. నిమ్మగడ్డి గట్టు కోసుకుపోకుండా కూడా కాపాడుతుంది. పొన్నగంటి కాడలను నీటి కాలువ పక్కన గుచ్చండి. ఒక్క జాగ్రత్త: ఫలానా ఆకు ఫలానా జబ్బును తగ్గిస్తుందని తోట పేరుతో ఎవరికీ చెప్పవద్దు. బీపీకో షుగరుకో మందులు వేసుకునే పెద్దవాళ్లు కొత్త ఆకులను మందుగా మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి.

ఆరో పని: విత్తనం

ఒక ఏడాది పట్నంలో కొన్న బెండ విత్తనం పావు వంతు కూడా మొలవలేదు. రెండు వారాలు పోయాయి. అప్పటి నుంచి ప్రతి పొట్లంలోంచి 20 గింజలు తడిగుడ్డలో చుట్టి చూస్తాం. 14 కంటే తక్కువ మొలిస్తే వాపసు ఇచ్చేస్తాం. బెండకు పల్లాకు తెగులు (ఆకు ఈనెలు పసుపెక్కే జబ్బు) తెల్లదోమ వల్ల వ్యాపిస్తుంది, అందుకని దాన్ని కొంత తట్టుకునే అర్కా అనామిక లాంటి రకం అడగండి. సంకర రకాల గింజ దాచుకుని ప్రయోజనం లేదు. నాటు చిక్కుడు, గోంగూర, తోటకూర, బొబ్బర్ల గింజలను బాగా ఎండబెట్టి బూడిదలో కలిపి దాచండి. దొండకు గింజతో పని లేదు, తీగ ముక్క నాటితే మూడు నాలుగేళ్లు కాస్తుంది.

చివరికి మా 40 సెంట్లు ఇలా పంచుకున్నాం

దారులు, ఎరువు గుంత, నారుకు 5 సెంట్లు. బీర, కాకర, పొట్ల, ఆనప పందిరికి 8. ఆకుకూరలకు 6. వంగ, మిరపకు 5. తొలకరిలో బొబ్బర్లు, అక్టోబరు చివరి నుంచి టమాటాకు 5. కంద 1, పసుపు 1, చేమ 2. బెండ 3. దొండ 1. కొత్తిమీర, పుదీనాకు 1. చిక్కుడు, కరివేపాకు, మునగ కంచె మీదా గట్ల మీదా ఉన్నాయి కాబట్టి లెక్కలోకి రావు. మిగిలిన 2 సెంట్లు ఏటా ఎవరో ఒకరి కోరికకు. ఈసారి ఒక పిన్ని చోళ్లు (రాగులు) చల్లుతానన్నారు, పిల్లలకు అంబలి కాయడానికి. మృగశిర రాగానే విత్తుతున్నాం.